లైనక్స్‌కి వైఫై డాంగిల్ కొన్నా, అదేమో నేను సీడీని అంటోంది. కొనేముందు మీరంతా ఎట్లా చెక్ చేసుకుంటారు?

కర్నూలు_కిట్టు
మొన్న 650 పెట్టి ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ తెప్పించినా. డబ్బా మీద విండోస్, మ్యాక్, పక్కనే లైనక్స్ గుర్తు చిన్న పెంగ్విన్ బొమ్మ కూడా ఉంది, అది చూసే ధైర్యంగా కొన్నా. మా ఇంట్లో ఉండేది 2014 నాటి డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ3, విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో ఉచిత అప్‌డేట్లు ఆపేసినారు కదా, అందుకని విండోస్ బదులు ఫ్రెండు పెన్‌డ్రైవ్‌లో ఉన్న లైనక్స్ మింట్ 21 వేసుకున్నా. సిస్టమ్ బాగానే పరిగెత్తుతోంది. ఈ డాంగిల్ గుచ్చితే మాత్రం డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వస్తోంది, తెరిస్తే లోపల సెటప్ డాట్ ఈఎక్స్‌ఈ. వైఫై గుర్తు అసలు రాదు. రూటర్ హాల్లో, సిస్టమ్ మేడ మీద, కేబుల్ లాగే పని కాదు. అమ్మినోళ్లని అడిగితే "రీప్లేస్‌మెంట్ ఓన్లీ సార్" అంటున్నారు. ఇంకోటి అదే తెచ్చుకుని ఏం చేసుకోను?

రూట్_రాంబాబు
పెంగ్విన్ బొమ్మ చూసి డాంగిల్ కొనడం అంటే హీరో బొమ్మ చూసి బనియన్ కొన్నట్టే తమ్ముడూ.
టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (గుచ్చిన యూఎస్‌బీ వస్తువుల జాబితా చూపిస్తుంది) అని కొట్టి డాంగిల్ లైను ఇక్కడ పెట్టు. తర్వాత అదే కమాండ్‌కి హైఫన్ టీ తగిలించి ఇంకోసారి, ఏ డ్రైవర్ పట్టుకుందో తెలుస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టు నాయనా, పోయినసారి ఒకాయన తెలుగులోనే టైప్ చేసి కమాండ్ నాట్ ఫౌండ్ అని నన్ను తిట్టాడు.

తెనాలి_టక్స్
ఆ ఒకాయన నేనే. ఇంకా ఎన్నాళ్లు చెప్పుకుంటావ్ అది

కర్నూలు_కిట్టు
కొట్టినా అన్నా. ఐడీ చివర 1ఏ2బీ అని ఉంది, పక్కన డిస్క్ అని ఏదో రాసి ఉంది. హైఫన్ టీ పెడితే డ్రైవర్ దగ్గర యూఎస్‌బీ-స్టోరేజ్ అంటోంది. డబ్బా వెనక ఇంకోటి కనపడింది ఇప్పుడే, చీమ తలకాయంత అక్షరాల్లో "లైనక్స్ కెర్నల్ 2.6 నుంచి 4.4" అని.

పాత_కెర్నల్
దొరికింది దొంగ.

కిట్టూ, నీ డాంగిల్ చెడిపోలేదు. దాని లోపల విండోస్ డ్రైవర్ దాచిన చిన్న మెమరీ ఉంటుంది. గుచ్చగానే ముందు సీడీ వేషం వేస్తుంది, విండోస్ వాడు సెటప్ నొక్కి డ్రైవర్ వేసుకున్నాక ఆ వేషం తీసేసి వైఫైగా మారుతుంది. లైనక్స్‌లో ఆ సీడీని ఎవరూ బయటికి నెట్టరు కాబట్టి అది సీడీగానే కూర్చుంటుంది. ఇది కొత్త రోగం కూడా కాదు. 2010 ప్రాంతంలో అందరం పట్టుకు తిరిగిన 3జీ డేటా కార్డులు గుర్తున్నాయా, గుచ్చితే ముందు సీడీ, తర్వాత మోడెమ్. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ పుట్టిందే వాటి బాధ పడలేక. హాస్టల్లో ఒక డేటా కార్డు, ఆరుగురం, అందులో డబ్ల్యూవీడయల్ (డేటా కార్డుతో నెట్ కలిపే ప్రోగ్రామ్) సెట్ చేయడం వచ్చింది నాకొక్కడికే. ఆ నాలుగు నెలలు నా టీ డబ్బులు నేను కట్టలేదు.

నువ్వు చేయాల్సింది: ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీ బొమ్మ పక్కన ఎజెక్ట్ గుర్తు నొక్కు. పది సెకన్లు ఆగి మళ్లీ ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టు. ఐడీ మారుతుంది. అది పెట్టు.

ఇక కెర్నల్ అంటే లైనక్స్ గుండెకాయ, డ్రైవర్లు ఉండేది అందులోనే. 4.4 అంటే 2016 జనవరి మాట. వాళ్ల డ్రైవర్ సోర్స్ కోడ్‌ని అక్కడిదాకా కంపైల్ చేసి (నడిచే రూపంలోకి మార్చి) చూసి ఆపేశారని అర్థం. ఆ పెంగ్విన్ రిటైరైపోయింది.

నిజామాబాద్_నెట్
నాకు సుత గట్లనే అయింది పోయినేడు. నేనైతే ఆ సీడీల ఉన్న సెటప్‌ను వైన్‌ల (లైనక్స్‌ల విండోస్ ప్రోగ్రాములు నడిపేది) నడిపిచ్చిన 😂 ఇన్‌స్టాల్ సక్సెస్‌ఫుల్ అని వచ్చింది, వైఫై మాత్రం రాలే. రెండు దినాలు సంబురపడ్డ ఉత్తగనే.

విండోస్_వీరుడు
650 రూపాయల డాంగిల్‌కి ఇంత పురాణమా. విండోస్ 10 మళ్లీ వేసుకో, గుచ్చు, అయిపోద్ది.

పెంగ్విన్_పిన్ని
@విండోస్_వీరుడు నువ్వు ప్రతి త్రెడ్‌లో ఇదే మాట అంటావు బాబూ, పెళ్లి భోజనానికొచ్చి మా ఇంట్లో పప్పు బాగుంటది అన్నట్టు. ఆ పిల్లాడు కొనేముందు ఎలా చూసుకోవాలని అడిగాడు, దానికి చెప్పు.

కర్నూలు_కిట్టు
ఎజెక్ట్ కొట్టినా!! ఐడీ మారింది, చివర సీ811 అంటోంది ఇప్పుడు. కానీ వైఫై గుర్తు ఇంకా రాలేదు. హైఫన్ టీలో డ్రైవర్ దగ్గర ఖాళీ. కెర్నల్ వెర్షన్ కోసం యూనేమ్ హైఫన్ ఆర్ కొడితే 5.15 అంటోంది.

పాత_కెర్నల్
అది 8811సీయూ చిప్. దాని డ్రైవర్ ఆర్‌టీడబ్ల్యూ88 అనే కుటుంబంలో ఉంది, 8821సీయూ పేరుతో. ఆ కుటుంబం యూఎస్‌బీ చిప్పులకి కెర్నల్ 6.2 నుంచే పనిచేస్తుంది, 2023లో వచ్చింది. నీది 5.15, 2021ది. డాంగిల్ తప్పు కాదు, మింట్ తప్పు కాదు, ఇద్దరికీ ఇంకా పరిచయం కాలేదు అంతే.

మింట్ 21లో అప్‌డేట్ మేనేజర్ తెరువు, వ్యూ మెనూలో లైనక్స్ కెర్నల్స్ అని ఉంటుంది, అక్కడ 6.8 కనపడుతుంది, అది వేసుకుని రీస్టార్ట్ కొట్టు. పాత 5.15ని తీసేయకు, ఏదైనా తేడా వస్తే బూట్‌లో దాంట్లోకి పోవచ్చు.

కర్నూలు_కిట్టు
నెట్ లేకుండా కెర్నల్ ఎట్లా దించుకోను అన్నా, నెట్ కోసమే కదా ఈ డాంగిల్

రూట్_రాంబాబు
బావిలో పడ్డ చేదని తీయడానికి ఇంకో చేద కావాలి 😄
ఫోన్‌ని చార్జింగ్ కేబుల్‌తో సిస్టమ్‌కి పెట్టు, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. వైర్డ్ కనెక్షన్ అని వచ్చేస్తుంది, డ్రైవర్ గొడవ ఉండదు. ఫోన్ ఇంటి వైఫైలో ఉంటే డేటా కూడా ఖర్చు కాదు.

అయినా కెర్నల్ మార్చడం దేనికి? గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) ఈ చిప్‌కి డ్రైవర్ ఉంది, దించి డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే పనిముట్టు) కంపైల్ చేస్తే ఐదు నిమిషాల పని. నేను మూడేళ్లుగా వాడుతున్నా.

పెంగ్విన్_పిన్ని
వద్దు రాంబాబు గారూ, కొత్తగా వచ్చిన వాళ్లకి అది చెప్పకండి. మీకు ఐదు నిమిషాలు, వాళ్లకి ఐదు రోజులు. కెర్నల్‌లో లేని బయటి డ్రైవర్ అద్దె ఇల్లు లాంటిది, కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఓనర్ ఏమంటాడో అని చూస్తూ ఉండాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని ఆపేసే కాపలా) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ మాడ్యూల్‌కి సంతకం చేసి, రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చినప్పుడు ఎన్‌రోల్ నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర చూసి కంగారుపడి కంటిన్యూ నొక్కేసి, డ్రైవర్ లోడ్ కావట్లేదని ఇక్కడికి వచ్చిన వాళ్లు ఎంతమందో.

మా అక్క కూతురికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్స్ ఆఖరి రోజు. పొద్దున అప్‌డేట్స్ నొక్కింది, కొత్త కెర్నల్ వచ్చింది, బయటి డ్రైవర్ దాని మీద కంపైల్ కాలేదు, వైఫై పాయె. సాయంత్రం నెట్ సెంటర్ ముందు లైన్లో నిలబడి పెట్టుకున్నాం ఆప్షన్లు. ఆ రోజు నుంచి కెర్నల్‌లో లేని డ్రైవర్ కావాలనే వస్తువు మా గడప తొక్కలేదు.

రూట్_రాంబాబు
ఆఖరి రోజు పొద్దున్నే అప్‌డేట్ నొక్కడం డ్రైవర్ తప్పు కాదు పిన్నిగారూ 🙏

పెంగ్విన్_పిన్ని
అది నేనూ మా అక్క కూతురికి చెప్పాను లెండి, వేరే మాటల్లో.

తెనాలి_టక్స్
అసలు ప్రశ్నకి రండి. కొనకముందు తెలిసేదెలా? చిప్ పేరు డబ్బా మీద ఎవడూ రాయడు కదా

పెంగ్విన్_పిన్ని
రాయడు, అదే మన కర్మ. కంపెనీ పేరు, మోడల్ పేరు రెండూ వదిలేయండి, లోపల చిప్ ఏంటో పట్టుకోవాలి. నేను చేసే పని చెప్తా, కొంచెం పెద్దదే ఓపిక పట్టండి.

ముందు ఆన్‌లైన్ షాపులో ఆ వస్తువు రివ్యూల్లోకి వెళ్లి లైనక్స్, ఉబుంటు, రాస్ప్‌బెర్రీ అని వెతుకుతా. మూడోది ముఖ్యం, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్లు చిప్ నంబర్‌తో సహా రాస్తారు. అక్కడ దొరక్కపోతే డాంగిల్ వెనక ఫొటో జూమ్ చేస్తా, ఎఫ్‌సీసీ ఐడీ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో రేడియో వస్తువులు అమ్మాలంటే అది ఉండాలి. ఆ ఐడీ పెట్టి వెతికితే టెస్టింగ్‌కి ఇచ్చిన కాగితాల్లో ఇంటర్నల్ ఫొటోస్ అని ఉంటాయి చాలావాటికి, మూత ఊడదీసి తీసిన ఫొటోలు. చిప్ మీద నంబర్ కనపడుతుంది. మా ఆయన ఇది చూసి "డాంగిల్‌కి పెళ్లిచూపులా" అన్నారు. పెళ్లిచూపుల్లో ఇంత వివరం ఎవరిస్తారండీ.

చిప్ గానీ యూఎస్‌బీ ఐడీ గానీ దొరికితే లైనక్స్-హార్డ్‌వేర్ డాట్ ఆర్గ్‌లో పెట్టండి, వేరేవాళ్ల సిస్టమ్‌లలో ఏ కెర్నల్ మీద పనిచేసిందో చూపిస్తుంది. మీ సిస్టమ్‌లోనే చూసుకునే దారి కూడా ఉంది: లిబ్ కింద మాడ్యూల్స్‌లో మీ కెర్నల్ పేరుతో ఫోల్డర్, అందులో మాడ్యూల్స్ డాట్ అలియాస్ అనే ఫైల్. ఏ ఐడీకి ఏ డ్రైవరో అందులో రాసి ఉంటుంది. ఐడీతో గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) కొట్టండి, పెద్దక్షరాలు చిన్నక్షరాలు తేడా పట్టించుకోకుండా హైఫన్ ఐ పెట్టి. లైను వస్తే కొనొచ్చు. రాకపోతే మీ కెర్నల్‌కి ఆ వస్తువు తెలీదు.

మోడల్ పేరు నమ్మొద్దని ఎందుకన్నానంటే, లైనక్స్ వాళ్లందరికీ తెలిసిన ఒక యాంటెన్నా డాంగిల్ ఉంది. వెర్షన్ 1లో ఏఆర్9271 చిప్, గుచ్చితే చాలు నడిచేది. అదే పేరు, అదే డబ్బా, వెర్షన్ 2 నుంచి వేరే కంపెనీ చిప్. పాత రివ్యూలు చదివి కొన్నవాళ్లందరూ బోర్లాపడ్డారు.

నిజామాబాద్_నెట్
గా బోర్లాపడ్డోళ్లల్ల నేనొకన్ని. వెర్షన్ నంబర్ డబ్బా కింద స్టిక్కర్ మీద ఉంటది, ఆన్‌లైన్ల ఫొటోల అది కనవడదు. ఇప్పుడు కళ్లు మూసుకొని కొనేటియి ఏమన్న ఉన్నయా పిన్నీ?

పాత_కెర్నల్
పిన్ని బదులు నేను చెప్తా. మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్ ఉన్నవి చవక, డ్రైవర్ కెర్నల్ 4.2 నుంచి ఉంది, అంటే 2015. కానీ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, అపార్ట్‌మెంట్‌లో పక్కింటి వాళ్ల సిగ్నళ్ల మధ్య ఇరుక్కుంటుంది. 5 గిగాహెర్ట్జ్ కావాలంటే ఎంటీ7612యూ, 4.19 నుంచి ఉంది, ధర ఎక్కువ, అన్ని షాపుల్లో దొరకదు. 8812ఏయూ, 8821ఏయూ చిప్పులు ఉన్నవి ఏళ్ల తరబడి బయటి డ్రైవర్ మీదే బతికాయి, 2025 మార్చిలో వచ్చిన 6.14 నాటికి కెర్నల్లోకి వచ్చాయి. అందుకే పాత త్రెడ్లలో "ఇది పనిచేయదు" అని ఉంటే తేదీ చూసుకోండి. రెండేళ్ల కిందటి నిజం ఇప్పుడు అబద్ధం కావచ్చు.

సీటీసీ_చుట్టాలబ్బాయి
ఇదంతా ఆన్‌లైన్ వాళ్లకి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొనేవాళ్లకి ఇంకో ఉపాయం, పెన్‌డ్రైవ్‌లో లైవ్ మింట్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసుకుని పాత లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వెళ్తా. కౌంటర్ మీదే గుచ్చి చూస్తా. డ్రైవర్ దగ్గర పేరు వస్తే డబ్బులు, రాకపోతే ఇంకోటి చూపించన్నా అంటా. మొదట్లో ఒక షాపాయన "సీల్ తీస్తే కొనాల్సిందే" అన్నాడు. నాలుగోసారికి ఆయనే డెమో పీసులు పక్కన పెట్టి, లైనక్స్ అడిగిన వేరే కస్టమర్లని నా వైపు తిప్పుతున్నాడు. జీతం మాత్రం లేదు.

డాలస్_బాబాయ్
మేం ఇక్కడ మూడు రకాలు ఒకేసారి తెచ్చుకుని పనిచేసింది ఉంచుకుని మిగతా రెండు వాపసు ఇచ్చేస్తాం. చెకింగ్ అంతే.

నిజామాబాద్_నెట్
మీకేంది బాబాయ్, మా దిక్కు ఓపెనింగ్ వీడియో తియ్యకుంటే విరిగిన వస్తువు సుత వాపస్ తీస్కోరు

జిరాక్స్_జోగయ్య
డాంగిల్ అయితే 650 పోయింది. ప్రింటర్ సంగతి చెప్పండి. మా షాపులో ఉన్న చిన్న లేజర్ ప్రింటర్, పేరు చెప్పను, మీ ఊళ్లో ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా అదే ఉంటుంది. ఇనుము లాంటి మిషను, పదేళ్లైంది. దాన్ని ఉబుంటుకి ఎక్కించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఒకసారి ప్రింట్ ఇస్తే వస్తది, రెండోసారి ఇస్తే క్యూలో కూర్చుంటది. ఆధార్ కాపీ కోసం వచ్చిన పెద్దావిడ "ఏం నాయనా కరెంటు లేదా" అని అడిగింది. చివరికి దానికోసం ఒక విండోస్ సిస్టమ్ పక్కన పెట్టా.

విండోస్_వీరుడు
👀

పెంగ్విన్_పిన్ని
ఒక్క మాట కూడా అనకు.

పాత_కెర్నల్
జోగయ్య గారూ, ఆ ప్రింటర్‌కి దాని సొంత భాష తప్ప వేరే రాదు. పేజీ తయారు చేసే పనంతా కంప్యూటర్‌లో డ్రైవరే చేయాలి, అందుకే అంత చవక. ఆ డ్రైవర్ లైనక్స్‌కి సరిగా లేకపోతే మిషను ఎంత ఇనుమైనా మూగదే. కొత్తది కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో ఎయిర్‌ప్రింట్ గానీ ఐపీపీ ఎవ్రీవేర్ గానీ ఉందో లేదో చూడండి. ఐఫోన్ నుంచి యాప్ లేకుండా ప్రింట్ వస్తుందంటే లైనక్స్‌లో కూడా దాదాపు వచ్చేసినట్టే, రెండూ వాడేది ఒకే పద్ధతి. డ్రైవర్ అనే మాటే ఉండదు. ఓపెన్‌ప్రింటింగ్ సైట్‌లో మోడల్ వెతుక్కోవచ్చు కూడా. ఇవి ఎక్కువగా వైఫైవి, యూఎస్‌బీ కేబుల్ మీద వాడాలంటే ఐపీపీ-యూఎస్‌బీ ప్యాకేజీ ఉందో లేదో చూసుకోండి.

జిరాక్స్_జోగయ్య
స్కానర్?

పాత_కెర్నల్
ఆల్ ఇన్ వన్ అయితే ఈఎస్‌సీఎల్ (విడి డ్రైవర్ లేకుండా స్కాన్ చేసే పద్ధతి) ఉందేమో చూడండి, సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ దాన్ని పట్టుకుంటుంది. విడి స్కానర్ అయితే సేన్ (లైనక్స్ స్కానర్ డ్రైవర్లు తయారుచేసేవాళ్లు) వాళ్ల జాబితాలో మోడల్ పక్కన కంప్లీట్ అని ఉంటేనే కొనండి. అన్‌సపోర్టెడ్ అని ఉంటే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా నడవండి అక్కడి నుంచి.

బొమ్మలక్క
భయపెట్టేస్తున్నారు అందర్నీ 😅 నేను బొమ్మలేసే టాబ్లెట్, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, మైక్ అన్నీ ఏమీ చూడకుండానే కొన్నా, అన్నీ నడిచాయి. అంత కష్టమేం కాదు.

రూట్_రాంబాబు
నువ్వు కొన్నవాటికి ఒక ఉమ్మడి భాష ఉంది అక్కా, అందుకే. వెబ్‌క్యామ్‌లకి యూవీసీ, ఆ డ్రైవర్ 2008 నుంచి కెర్నల్‌లోనే ఉంది. హెడ్‌సెట్‌కి యూఎస్‌బీ ఆడియో క్లాస్. కీబోర్డు మౌసుకి హెచ్ఐడీ. ఎవడు తయారు చేసినా ఆ భాష మాట్లాడితే చాలు. వైఫై చిప్పులకి అలాంటిది లేదు, ఒక్కో చిప్ ఒక్కో యాస. మైక్‌తో వచ్చే రంగురంగుల లైట్లు మార్చే సాఫ్ట్‌వేర్ మాత్రం విండోస్‌దే.

బొమ్మలక్క
లైట్లా? నాది మూడేళ్లుగా ఆకుపచ్చలోనే వెలుగుతోంది, అది దాని రంగేమో అనుకున్నా

తెనాలి_టక్స్
బ్లూటూత్ డాంగిల్ గురించి ఎవరూ అనలేదు. 150కి ఒకటి కొన్నా. ఐడీ 0ఏ12:0001 వచ్చింది, జాబితాలో చూస్తే సీఎస్ఆర్ చిప్ అని ఉంది, లైనక్స్‌లో బ్రహ్మాండం అన్నారు. పిన్ని చెప్పిన గ్రెప్ పరీక్ష కూడా పాసైంది. ఇయర్‌బడ్స్ కలవ్వు.

పాత_కెర్నల్
అది సీఎస్ఆర్ కాదు, సీఎస్ఆర్ చొక్కా వేసుకున్న ఇంకెవరో. ఆ ఐడీ పెట్టుకున్న నకిలీలు ఎన్ని ఉన్నాయంటే కెర్నల్ బ్లూటూత్ డ్రైవర్‌లోనే వాటిని గుర్తుపట్టి సర్దుకుపోయే కోడ్ విడిగా రాశారు. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపించే కమాండ్) చూడు, దొరికితే నకిలీ సీఎస్ఆర్ అని అదే చెప్తుంది. కొత్త కెర్నల్‌తో కొన్ని దారికొస్తాయి, కొన్ని రావు.

తెనాలి_టక్స్
చూశా. సీఎస్ఆర్ క్లోన్ అని మొహం మీదే రాసింది. నేను ఏడాదిగా ఇయర్‌బడ్స్‌ని తిడుతున్నా, రెండు జతలు మార్చా

పెంగ్విన్_పిన్ని
అయ్యో. నా గ్రెప్ పరీక్ష ఇక్కడ తప్పింది, ఒప్పుకుంటున్నా. ఐడీనే అబద్ధమైతే ఏం చేస్తాం, సీటీసీ అబ్బాయిలా గుచ్చి చూడటమే.

కర్నూలు_కిట్టు
వచ్చేసింది!!!

ఫోన్ టెథరింగ్ పెట్టి 6.8 దించినా, రీస్టార్ట్, ఎజెక్ట్ కొట్టినా, రెండు సెకన్లలో వైఫై గుర్తు. మా కింది ఇంటి వాళ్ల రూటర్ పేరు చూసి ఇంత ఆనందపడతా అనుకోలేదు ఎప్పుడూ. మాడ్యూల్ పేరు ఆర్‌టీడబ్ల్యూ88_8821సీయూ అని వచ్చింది పాత_కెర్నల్ అన్నా చెప్పినట్టే. రెండు డౌట్లు. సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా ఎజెక్ట్ కొట్టాల్నా? ఇంకోటి, డాంగిల్ మీద నీలం లైటు వెలగట్లేదు, మ్యానువల్‌లో బ్లింక్ అవుతుంది అని ఉంది.

పాత_కెర్నల్
యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ, దాని డేటా ప్యాకేజీ రెండూ ఉన్నాయో లేదో చూడు. ఉండి కూడా సీడీ వస్తుంటే నీ 1ఏ2బీ ఐడీకి ఒక యూడెవ్ రూల్ (గుచ్చగానే ఏం చేయాలో సిస్టమ్‌కి చెప్పే నియమం) రాయాలి, ఒకే ఒక్క లైను. రాత్రికి రాసి పెడతా, ఇప్పుడు మా మేనేజర్ చూస్తున్నాడు.

రూట్_రాంబాబు
నెట్ వస్తోందా?

కర్నూలు_కిట్టు
వస్తోంది అన్నా, మేడ మీద 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటోంది

రూట్_రాంబాబు
లైటు కావాలంటే బొమ్మలక్క మైకు అడిగి తెచ్చుకో